అడుగు కన్నా ముందు నేల

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. తెలుగు ఇళ్ళలో ఈ వరస ఇంకా పూర్తిగా పోలేదు. ఊరినిబట్టి పిండివంట మారుతుంది. కూర్చున్నందుకు ఒకటి, పాకినందుకు ఒకటి, గడప దాటినందుకు ఒకటి చేసే ఇళ్ళూ ఉన్నాయి. ఈ వరసలో నడకకు చేసే వేడుక ఆఖరిది. దానికి ముందు ఒక్కో మెట్టుకీ ఒక్కో గుర్తింపు ఉంది. ఇప్పటి ఇళ్ళలో మాత్రం ఆరో నెల నిండేసరికి మాటలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి: ఎప్పుడు నడుస్తుంది? ఆ టెన్షన్‌లో వాకర్ కొంటారు, బూట్లు కొంటారు, రెండు చేతులూ పట్టుకుని నిలబెట్టి నడిపించడం మొదలుపెడతారు. బిడ్డ కాలు, పాదం గట్టిపడేది మాత్రం నడకకు ముందున్న నెలల్లో నేల మీద తనంతట తాను చేసే పనివల్లే. ఆ పనికి చోటివ్వడమే పెద్దవాళ్ళు చేయగల అసలు సాయం.

పెద్దవాళ్ళ పాదంలో 26 ఎముకలుంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ పాదానికి ఎక్స్‌రే తీస్తే వాటిలో కొన్ని అసలు కనిపించవు. మడమ ఎముక, చీలమండలోని ఎముక, వేళ్ళ వైపు ఉండే పొడవాటి ఎముకలు కనిపిస్తాయి. పాదం మధ్యలో మాత్రం చాలావరకు ఖాళీగా ఉంటుంది. అక్కడ ఏమీ లేదని కాదు, అక్కడున్నది ఇంకా మృదులాస్థి. చెవి దొప్పలాగా వంగే మెత్తటి పదార్థం అది. అరికాలి వంపును మోసే ముఖ్యమైన ఎముక ఒకటి సాధారణంగా రెండేళ్ళు దాటాక గాని గట్టిపడటం మొదలుపెట్టదు. దానికి తోడు, వంపు ఉండాల్సిన చోట కొవ్వు మెత్తలాగా పేరుకుని ఉంటుంది. పసిపాదం అడుగున చదునుగా, ఉబ్బుగా కనిపించడానికి కారణం ఇదే. ఆ వంపు పదేళ్ళ లోపు నెమ్మదిగా ఏర్పడుతుంది. కాబట్టి ఎనిమిది నెలల బిడ్డ పాదం చూసి ‘చదును పాదం’ అని బెంగపడటం, దానికోసం వంపు ఉన్న బూట్లు వెతకడం అనవసరం. ఇంత మెత్తగా ఉన్న పాదానికి మరో లక్షణం ఉంది. బిగుతు సాక్సు, ఇరుకు బూటు నొక్కుతున్నా పెద్దగా నొప్పి తెలియకుండానే ఒదిగిపోతుంది. బిడ్డ ఏడవడం లేదంటే సైజు సరిపోయిందని అర్థం కాదు.

పుట్టిన కొత్తలో బిడ్డను చంకల కింద పట్టుకుని అరికాళ్ళు నేలకు ఆనిస్తే, అడుగులు వేస్తున్నట్టు కాళ్ళు ఆడిస్తుంది. రెండు నెలలు వచ్చేసరికి ఆ కదలిక మాయమవుతుంది. మెదడు ఎదిగేకొద్దీ ఆ ప్రతిచర్య అణగిపోతుందని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో ఎస్తర్ థెలెన్ బృందం 1984లో ఒక చిన్న ఉపాయంతో ఆ నమ్మకాన్ని కదిలించింది. బిడ్డ కాళ్ళను నీళ్ళలో ఉంచారు. నీరు బరువును మోయడంతో ఆగిపోతున్న అడుగులు మళ్ళీ కనిపించాయి. కాళ్ళకు చిన్న బరువులు కడితే అడుగులు తగ్గాయి. అంటే ఆ నెలల్లో తొడలు, పిక్కలు ఒళ్ళు చేసినంత వేగంగా కండబలం పెరగడం లేదు, బరువెక్కిన కాలిని ఎత్తలేకే ఆ అడుగులు ఆగుతున్నాయి. దీని నుంచి ఇంట్లోవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. కాలు ఎత్తే బలం బిడ్డకు సహజంగా వచ్చే చోటు వెల్లకిలా పడుకుని తన్నుకునే చోటు. పొత్తిళ్ళలో బిగించి చుట్టినప్పుడూ, రోజంతా ఉయ్యాల్లో ఉన్నప్పుడూ ఆ తన్నులాట తగ్గిపోతుంది.

బోర్లా పడుకోబెట్టిన బిడ్డ మొదట తల ఎత్తుతుంది. తర్వాత మోచేతుల మీద లేస్తుంది. ఆ తర్వాత జరిగేదాన్ని శ్రద్ధగా చూస్తే ముచ్చటేస్తుంది. ముందున్న గిలక్కాయ అందక, కాలి బొటనవేలిని నేలకు గుచ్చి, మోకాలు వంచి, ఒక్క తోపు తోస్తుంది. అంగుళం కదులుతుంది. నడకలో పాదం చివర నేలను వెనక్కి తోసే కదలికకు మొదటి పాఠం ఇక్కడే. దోగాడేటప్పుడు ఒక తుంటి మీద బరువు ఆపి రెండో మోకాలిని ముందుకు తేవాలి. అప్పుడు నడుము, పొట్ట, తుంటి కండరాలు కలిసి పనిచేస్తాయి. మంచం పట్టె పట్టుకుని లేచేటప్పుడు ఒక మోకాలు నేలమీద ఉంచి, రెండో పాదాన్ని పూర్తిగా ఆనించి, తొడతో ఒంటిని పైకి లేపుతుంది. లేవడం వచ్చిన కొత్తలో కూర్చోవడం రాదు. అలాగే నిలబడి ఏడుస్తుంది. ఎత్తి కూర్చోబెడితే ఏడుపు మానుతుంది గాని, మోకాళ్ళు వంచి దిగడం తెలియదు. కింద ఒక బొమ్మ పెట్టి, నడుము దగ్గర చేయి వేసి మెల్లగా వంగేలా చేస్తే రెండు మూడు రోజుల్లో అదీ పట్టుబడుతుంది.

ఇక సోఫా అంచు పట్టుకుని పక్కకు పక్కకు జరగడం. చూసేవాళ్ళకు ఇది నడకకు ముందు కాలక్షేపంలా ఉంటుంది. నిజానికి నడకకు ఇంతకన్నా దగ్గరి సాధన మరొకటి లేదు. నడిచే మనిషి ప్రతి అడుగులోనూ ఒక్క క్షణం ఒంటికాలి మీద ఉంటాడు. ఆ క్షణంలో నడుము ఒకవైపు ఒరిగిపోకుండా పట్టుకునేవి తుంటి పక్క కండరాలు. పక్కకు జరిగే అడుగు సరిగ్గా వాటినే బలపరుస్తుంది. కాబట్టి బిడ్డ వారాల తరబడి మంచం చుట్టూ తిరుగుతూనే ఉంటే ‘ఇంకా వదలడం లేదేంటి’ అని చేతులు విడిపించాల్సిన పనిలేదు. మంచానికీ స్టూలుకీ మధ్య జానెడు ఎడం పెడితే చాలు. ఒక చేయి ఇక్కడ, ఒక చేయి అక్కడ వేసి దాటుతుంది. తర్వాత ఎడం కాస్త పెంచవచ్చు. ఆనుకుంటే ఒరిగిపోయే ప్లాస్టిక్ కుర్చీలు, కదిలే టీపాయిలు మాత్రం అక్కడ ఉండకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది లోపు పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా గడపాలి. పడుకునేటప్పుడు వెల్లకిలానే. కుర్చీలో గాని, బండిలో గాని, వీపుకు కట్టుకుని గాని కదలకుండా ఒక్కసారి గంటకు మించి ఉంచకూడదు. మన ఇళ్ళలో దీనికి అడ్డొచ్చేది ఎక్కువగా మంచం. నేల చల్లగా ఉందనో, మురికనో బిడ్డను పరుపు మీదే ఉంచుతారు. పరుపు మెత్తగా లోపలికి దిగిపోతుంది కాబట్టి కాలు తోసినా ఒళ్ళు కదలదు. పైగా అంచునుంచి దొర్లి పడే ప్రమాదం. నేల మీద చాప, దానిపై పల్చటి బొంత వేస్తే సరిపోతుంది. నున్నటి టైల్స్ మీద సాక్సులు, పాదాలు కూడా మూసే పైజమాలు జారతాయి, వట్టి పాదం పట్టు ఇస్తుంది. ఆడపిల్లలకు ఇంకో అడ్డంకి పొడవాటి గౌను, పట్టులంగా. దోగాడబోతే మోకాలు అంచు మీద పడి ముందుకు సాగనివ్వదు. ఫొటో అయ్యాక మార్చేస్తే బిడ్డ ఆ పూటంతా హాయిగా తిరుగుతుంది.

ఇప్పుడు వాకర్ సంగతి. చుట్టూ ప్లాస్టిక్ చట్రం, మధ్యలో వేలాడే సీటు, కింద చక్రాలు. బారసాలకో, మొదటి పుట్టినరోజుకో బహుమతిగా రావడం మామూలైంది. పేరులోనే నడక ఉంది కాబట్టి నడిపిస్తుందనే నమ్మకం. అందులో జరిగేది చూద్దాం. ఒంటి బరువును సీటు మోస్తుంది, కాళ్ళు మోయవు. సీటు ఎత్తుగా ఉంటే పాదం పూర్తిగా ఆనక ముని వేళ్ళతో నెడుతుంది. ముందున్న పళ్ళెం అడ్డురావడంతో తన కాళ్ళు తనకు కనిపించవు. ఒరిగితే చట్రం ఆపుతుంది కాబట్టి ఒరగకుండా నిలదొక్కుకోవడం నేర్వదు. నేలమీంచి లేవాల్సిన అవసరమే రాదు. ఇన్ని తీసేశాక నడకలో మిగిలేది కాళ్ళు ఆడించడం ఒక్కటే. ఐర్లండ్‌లో జరిగి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశీలనలో, వాకర్‌లో మొత్తం మీద గడిపిన ప్రతి 24 గంటలకూ సొంతంగా నడవడం సగటున 3.3 రోజులు, సొంతంగా నిలబడటం 3.7 రోజులు ఆలస్యంగా కనిపించింది. ఇది చిన్న ఆలస్యమే. నష్టం అంతటితో ఆగితే ఇంత చెప్పాల్సిన పని ఉండదు.

అసలు భయం ప్రమాదాలది. వాకర్‌లో ఉన్న బిడ్డ ఒక్క సెకనులో మూడు అడుగుల దూరానికి పైగా దూసుకుపోగలదు. పక్కనే ఉన్న మనిషి చేయి చాపే లోపే మెట్ల అంచు వచ్చేస్తుంది. అమెరికాలో 1990 నుంచి 2014 వరకు 15 నెలల లోపు పిల్లలు 2,30,000 మందికి పైగా వాకర్ గాయాలతో అత్యవసర విభాగాలకు వెళ్ళారు. వాటిలో పదింట తొమ్మిది తలకో మెడకో తగిలినవి. నాలుగింట మూడు వంతులు మెట్ల మీంచి పడినవి. కెనడా 2004 ఏప్రిల్‌లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మన ఇళ్ళలో మెట్లు లేకపోయినా గడపలు, తడి బాత్‌రూములు, నిండు బకెట్లు, నేలమీద దించిన వేడి గిన్నెలు ఉన్నాయి. వాకర్ ఇచ్చే ఎత్తుతో, వేగంతో బిడ్డ వాటిని అందుకుంటుంది. ఇంట్లో ఉన్న వాకర్‌ను మరొకరికి ఇవ్వడం కన్నా చక్రాలు ఊడదీసి పారేయడమే నయం.

పాతకాలం మూడు చక్రాల చెక్క బండి దీనికి పూర్తిగా వేరు. అందులో సీటు లేదు. బిడ్డ తనంతట లేచి, వెనక నిలబడి, పట్టె పట్టుకుని తోయాలి. బరువు మొత్తం సొంత కాళ్ళ మీదే. కాళ్ళు కనిపిస్తాయి, అరికాలు పూర్తిగా ఆనుతుంది, వదిలేస్తే కూలబడుతుంది. నున్నటి నేల మీద జారిపోకుండా ముందు కాస్త బరువు కట్టి, పెద్దవాళ్ళు పక్కన ఉంటే చాలు. లేచి నిలబడటం రాని బిడ్డను తెచ్చి దాని వెనక నిలబెట్టడం మాత్రం తొందరపాటే. రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని నడిపించడం కూడా అలాంటిదే. సరదాకి నాలుగడుగులైతే పరవాలేదు. గంటలకొద్దీ చేస్తే బిడ్డ ముందుకు ఒరిగి, బరువు పెద్దవాళ్ళ చేతుల మీద వేయడం అలవాటు చేసుకుంటుంది.

బూట్ల విషయంలో మనకు దగ్గర్లోనే మంచి ఆధారం ఉంది. కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు రావు, జోసెఫ్ 4 నుంచి 13 ఏళ్ళ వయసున్న 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి 1992లో ఫలితాలు ప్రచురించారు. చెప్పులో బూట్లో వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి, వట్టి కాళ్ళతో తిరిగేవాళ్ళలో 2.8 శాతం మందికి చదును పాదాలు కనిపించాయి. ముందు భాగం మూసి ఉండే బూట్లు వేసుకునేవాళ్ళలో ఎక్కువ, చెప్పులు వేసుకునేవాళ్ళలో తక్కువ. పసిపిల్లల మీద చేసిన పరీక్ష కాదిది. చదును పాదం ఉన్నంత మాత్రాన నొప్పి వస్తుందనీ లేదు. అయినా పాదానికి మొదట్నుంచీ ఆసరా ఇవ్వాలనే పాత నమ్మకాన్ని ఇది బలహీనపరుస్తుంది. బూటు పని రక్షణ, వంపు తయారుచేయడం దాని పని కాదు. ఇంట్లో ముళ్ళూ రాళ్ళూ ఉండవు కాబట్టి నడక రాని బిడ్డకు దానితో అవసరం లేదు. అడుగు వేస్తే కీచుమనే చెప్పులు ముద్దుగానే ఉంటాయి, కానీ వాటి అట్ట గట్టిగా ఉంటే వేళ్ళు నేలను పట్టలేవు. ఇసుక, గడ్డి, చాప, చల్లటి గచ్చు ఒక్కొక్కటి అరికాలికి ఒక్కో సమాచారం ఇస్తాయి. వేళ్ళు ముడుచుకోవడం, విప్పుకోవడం ఆ స్పర్శతోనే సాగుతుంది.

బయట మాత్రం ఈ మాట మారుతుంది. బహిరంగ మలవిసర్జన ఉన్న చోట, తడి మట్టిలో కొంకి పురుగు లార్వాలు పాదం చర్మం గుండానే ఒంట్లోకి వెళతాయి. అలాంటి నేల మీద తిరిగే పిల్లలకు చెప్పులు తప్పనిసరి. మొదటి జోడు కొనేది బయట నడిచేటప్పుడు. అరచేత్తో వంచితే వంగే అట్ట, వేళ్ళ దగ్గర వెడల్పు, పొడవైన వేలి ముందు పెద్దవాళ్ళ బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. అన్నయ్య వాడేసిన బూట్లలో అన్నయ్య పాదం ఆకారమే దిగి ఉంటుంది కాబట్టి అవి తమ్ముడికి సరిపడవు.

చలికాలం సాక్సులు వేసేవాళ్ళు ఒక చిన్న అలవాటు చేసుకోవాలి. కాన్పు తర్వాత కొన్ని నెలలు తల్లికి జుట్టు బాగా రాలుతుంది. ఒక్క వెంట్రుక సాక్సులో చేరి కాలివేలి చుట్టూ బిగుసుకుంటే రక్తం ఆగిపోయే ప్రమాదం ఉంది. బిడ్డ ఎందుకో తెలియకుండా ఏడుస్తుంటే సాక్సు తీసి, తిరగేసి, పది వేళ్ళూ విడదీసి చూడాలి. వేలు వాచి ఎర్రబడి, మధ్యలో గీతలాంటి నొక్కు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి. కాలి కడియాలు, పట్టీలు కూడా నెలనెలా వదులు చూసుకోవాల్సిందే.

అమ్మమ్మ కాళ్ళు చాపుకుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె పట్టించి, నలుగు పెట్టి లాల పోయడం అందమైన అలవాటు. ఆ స్పర్శ, ఆ మాటలు బిడ్డకు మేలే చేస్తాయి. అందులో ఒక భాగం మాత్రం వదిలేయాలి. కాళ్ళు ‘తిన్నగా’ రావాలని రెండు కాళ్ళూ దగ్గరకు చేర్చి, మోకాళ్ళు నొక్కి, లాగడం. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపడం అంతకన్నా ప్రమాదం. గర్భంలో ముడుచుకుని ఉన్న బిడ్డకు తుంటి, మోకాలు పుట్టిన కొత్తలో పూర్తిగా చాచుకోవు. అది లోపం కాదు, నెలలు గడిచేకొద్దీ అదే సాగుతుంది. తుంటి కీలులో బంతిలాంటి ఎముక, దాన్ని పట్టే గిన్నె రెండూ అప్పటికింకా మెత్తవే. తొడలు ఎడంగా, పైకి మడిచి ఉన్నప్పుడు బంతి గిన్నెలో సరిగ్గా కూర్చుని గిన్నె లోతుగా తయారవుతుంది. కాళ్ళు దగ్గరకు చేర్చి చాచి కట్టేస్తే బంతి అంచుకు జరిగే అవకాశం పెరుగుతుంది. జపాన్‌లో 1970లలో పసిపిల్లల కాళ్ళు చాచి చుట్టవద్దని పెద్ద ఎత్తున ప్రచారం చేశారు. అంతకుముందు వందకు 1.1 నుంచి 3.5 వరకు ఉన్న తుంటి జారే కేసులు 0.2 లోపుకు తగ్గాయి.

పొత్తిళ్ళలో చుట్టడం మానక్కర్లేదు. భుజాల దగ్గర ఒద్దికగా చుట్టి, నడుము కింద సంచిలా వదులుగా వదిలితే బిడ్డ కప్పలా కాళ్ళు మడుచుకుంటుంది. బోర్లా పడే ప్రయత్నం మొదలుపెట్టిన రోజు నుంచి చుట్టడం ఆపాలి. ఇక చంకనెత్తుకోవడం. మెడ నిలిచాక బిడ్డ తల్లి నడుముకు అటొక కాలు ఇటొక కాలు వేసుకుని కూర్చునే ఆ తీరు తుంటికి సరిగ్గా కావలసిన తీరే. చంకనెత్తుకుంటే దొడ్డికాళ్ళు వస్తాయని కొన్ని ఇళ్ళలో అంటారు. డైపర్ వల్ల వస్తాయని మరికొన్ని ఇళ్ళలో అంటారు. రెండూ నిజం కాదు. రెండేళ్ళ వరకు పిల్లలందరి కాళ్ళూ కాస్త విల్లులా వంగే ఉంటాయి. మూడు నాలుగేళ్ళప్పుడు తారుమారై మోకాళ్ళు రాసుకునేలా అవుతాయి. ఏడేళ్ళకు పెద్దవాళ్ళ తీరుకు వస్తాయి. వంపు ఒక్క కాలికే ఉంటే వైద్యుడికి చూపించాలి. రోజురోజుకూ పెరుగుతున్నా, మణికట్లు లావుగా కనిపించినా విటమిన్ డి లోపం వల్ల ఎముకలు మెత్తబడే రికెట్స్‌ను అనుమానించాలి. నూనె ఎముకను గట్టిపరచదు. తల్లిపాలలో విటమిన్ డి చాలదు కాబట్టి మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయాలని పిల్లల వైద్యులు చెబుతారు. మరిచిపోయిన ఇళ్ళు చాలానే ఉంటాయి.

‘పక్కింటి పాప పదో నెలకే నడిచింది.’ ఈ మాట ఎంతమంది తల్లులను నిద్రపోనివ్వదో. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను చూసి 2006లో ప్రకటించిన లెక్కల్లో, సొంతంగా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. చేతులూ మోకాళ్ళ మీద దోగాడటం 5.2 నుంచి 13.5 నెలల మధ్య. నూటికి నలుగురు అసలు అలా దోగాడకుండానే నడిచారు. పిర్రల మీద జరిగే పిల్లలు మరికాస్త ఆలస్యంగా నడుస్తారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని తీసేసి వయసు లెక్కించాలి. పెంచే తీరును బట్టి కూడా ఈ వయసు మారుతుంది. కెన్యాలోని కిప్సిగిస్ ప్రజలు పిల్లలకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. అక్కడి పిల్లలకు ఆ రెండూ ముందుగా వస్తాయని, ఎవరూ నేర్పని దోగాడటం మాత్రం ముందుగా రాదని చార్లెస్ సూపర్ 1976లో రాశాడు.

వేచి చూడకూడని సంగతులు కొన్నే, కానీ వాటిలో ఆలస్యం ఖరీదైనది. డైపర్ మార్చేటప్పుడు ఒక తొడ రెండోదానంత వెడల్పుగా తెరుచుకోకపోవడం, ఒక కాలు పొట్టిగా అనిపించడం తుంటి కీలు జారిందనడానికి గుర్తులు. ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లలకు, కుటుంబంలో ఈ సమస్య ఉన్నవాళ్ళకు, అందులోనూ ఆడపిల్లలకు అవకాశం ఎక్కువ. అలాంటి వాళ్ళకు ఏ గుర్తూ కనిపించకపోయినా ఆరో వారం ప్రాంతంలో స్కాన్ చేయించడం మంచిది. ఆరు నెలల లోపు కనిపెడితే చాలామందికి మెత్తటి పట్టీలతోనే సరవుతుంది, నడక వచ్చాక తెలిస్తే ఆపరేషన్ దాకా వెళ్ళొచ్చు. కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోవడం, ఒక పక్క కాలూ చేయీ తక్కువ కదలడం, వచ్చిన పని పోవడం, 18 నెలలు నిండినా నడక రాకపోవడం కూడా వైద్యుడికి చూపాల్సినవే.

పుట్టుకతో పాదం లోపలికి, కిందికి తిరిగి ఉండే వంకర పాదం దాదాపు వెయ్యి కాన్పుల్లో ఒకరికి వస్తుంది. వేలితో మెల్లగా తోస్తే మామూలు స్థితికి వచ్చే పాదం వేరు, అది ఎక్కువగా దానంతట అదే సర్దుకుంటుంది. తోసినా రానిదే వంకర పాదం. దానికి మాలిష్‌లు చేస్తూ కూర్చోకూడదు. అమెరికాలోని అయోవాలో ఇగ్నాసియో పొన్సెటి రూపొందించిన పద్ధతిలో వారం వారం పిండికట్టు మారుస్తూ పాదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతారు. సాధారణంగా ఐదారు కట్లు పడతాయి. చాలామందికి చివర్లో మడమ వెనక నరంలా ఉండే కండర బంధాన్ని చిన్న కోతతో వదులు చేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో వంకర పాదం, తుంటి కీలు సమస్య రెండూ ఉన్నాయి. అంగన్‌వాడీ ద్వారా గాని, ప్రభుత్వ ఆసుపత్రి ద్వారా గాని జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. కట్లు విప్పాక పాదం చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. కష్టం అక్కడే మొదలవుతుంది. రెండు బూట్లను ఒక కడ్డీకి బిగించిన పరికరాన్ని మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నాలుగేళ్ళు వచ్చేదాకా రాత్రి నిద్రలో వేయాలి. బిడ్డ ఏడుస్తుందని, పాదం బాగానే ఉంది కదా అని ఇంట్లోవాళ్ళు దాన్ని అటక మీద పెట్టేస్తారు. ఆ వంకర మళ్ళీ రావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం అదే.